తాబేళ్ళను వండిన కోడలు

"చూసి వండవోయ్, తాబేళ్ళు గానీ పడ్డాయేమో!"

పళ్ళు తోముకుంటూ పెరటి గుమ్మంలో నిలబడి తదాహరు ఆ మాట అన్నాడు. తన మాటకు తానే నవ్వుకుని, నోట్లో నురగ ఉమ్మేసి లోపలికి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద పెద్ద కుండలో నేలలోంచి మొలిచీ మొలవకముందే తవ్విన లేత వెదురు కొమ్ములు తవుడు నీళ్ళలో కుతకుతా ఉడుకుతున్నాయి. రెండు ఎండుమిరపకాయలు పైకీ కిందికీ మునుగుతూ తేలుతూ ఉన్నాయి. అతని భార్య ముత్సుయే పైకి వచ్చిన తెట్టు గరిటెతో తీసి పారబోసింది. చెర్రీ పూలు ఒక ఏడు ముందు పూస్తాయి, ఒక ఏడు వెనక పూస్తాయి. ఆయన నోట ఆ మాట మాత్రం మొదటి కొమ్ము కుండలో పడిన రోజున తప్పకుండా పూస్తుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వసంతం నుంచీ అంతే.

ఆ కథ చెప్పాలంటే ముందు ఆ తోపు సంగతి చెప్పాలి. క్యోటో పడమటి కొండల కింద వేసవి వచ్చిందంటే మూత పెట్టిన అన్నపు కుండలో కూర్చున్నట్టుంటుంది. చలికాలమా, చలి ఆకాశం నుంచి రాదక్కడ, నేలలోంచి అరికాళ్ళ గుండా మోకాళ్ళకు పాకుతుంది. అంత ఎండకూ అంత చలికీ ఓర్చుకుని బతికే వింత వెదుళ్ళకు ఆ ఇల్లు పెట్టింది పేరు. వాకిట్లో పసుపు బొంగు మీద పచ్చ చార గీసినట్టుండే వెదురు, బావి పక్కన బొగ్గులాంటి నల్ల వెదురు, చేత్తో పడితే నాలుగు పలకలు తగిలే వెదురు. ఇవన్నీ ఒక ఎత్తు, రాతి మెట్లెక్కి వెళితే వచ్చే పైతోపు ఒక ఎత్తు. అక్కడ ఉన్నది తాబేటి వెదురు. బొంగు మొదలు దగ్గర కణుపులు అడ్డంగా ఉండాల్సినవి ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి వాలి, మధ్యలో బొంగు ఉబ్బి, తాబేటి వీపు మీది గళ్ళలా ఉంటుంది. తాబేలంటే వాళ్ళకు దీర్ఘాయువు. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

అయితే ఆ వెదురుకు ఒక బుద్ధి ఉంది. ఏటా దాని వేరు నుంచి లేచే కొమ్ముల్లో కొన్ని తాబేళ్ళుగా రావు, పూర్వపు వాసన పట్టి మామూలు వెదురులా నిటారుగా లేస్తాయి. అవి బలమైనవి. వదిలేస్తే తాబేళ్ళ నెత్తి మీదుగా ఎదిగి, ఎండంతా తాగి, కొన్నేళ్ళలో తోపంతా వాటిదే అవుతుంది. అందుకని అవి నేలలోంచి తల ఎత్తీ ఎత్తకముందే తవ్వేస్తారు. తవ్వినవాటిని పారెయ్యరు, వండుకు తింటారు. నిటారుగా పుట్టినదానికి ఆ ఇంట్లో చోటు కుండలోనే.

ముత్సుయే పుట్టింది వకయామా వైపు సముద్రపు ఊళ్ళో. నాన్నది చేపల పడవ. గాలపు కర్ర కోసం వెదుళ్ళు ఏరేటప్పుడు ఆయన ఒక కన్ను మూసి, గడను కంటికి ఆనించి, చివరిదాకా చూపు పారించేవాడు. వంకర కనబడితే పక్కకు విసిరేసేవాడు. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి కోడలైంది. మొదటి వసంతంలో ఒక పొద్దున అత్తగారు ఇసో ఆమె చేతికి పొడుగు పార ఇచ్చి, "ఏమే, పైతోపులో చెడ్డవన్నీ తవ్వి పట్రా" అంది. చెడ్డవంటే ఏవని కొత్త కోడలు అడగలేదు. అడిగితే, ఇది కూడా తెలీదా అంటారని భయం. పైకెళ్ళి చూసింది. పొరలు వంకర్లు తిరిగి, ఒకవైపు ఒరిగి, పురుగు తొలిచినట్టున్న కొమ్ములు కనబడ్డాయి. పాపం, తెగులు పట్టిందనుకుంది. వాటిని ఒక్కటి వదలకుండా తవ్వి, నిటారుగా ఉన్నవాటి చుట్టూ మట్టి సర్ది మరీ వచ్చింది. బుట్ట దించేసరికి ఇసో వంటింటి గడప మీద అలాగే కూలబడింది. మామగారు పైకెళ్ళి తోపంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. తవ్వినవి తిరిగి అతకవు కదా, రాత్రి అన్నంలో వేసి వండారు. ఒక ముద్ద తిని మామగారు, "రుచికేం లోటు లేదు" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటిదాకా ఆగలేదు. పెళ్ళిళ్ళలో, చావు భోజనాల్లో, వెదురు చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు, "ఇదిగో, తాబేళ్ళను వండిన కోడలు ఈవిడే!" అని చూపించడం ఆనవాయితీ అయింది. వాళ్ళు నవ్వితే ఈవిడ తల వంచి, "తెలివితక్కువదాన్నండీ" అనాలి. అదీ ఆనవాయితీయే.

చెడ్డవి అన్నవాళ్ళు ఏవి చెడ్డవో చెప్పలేదే అని ఇన్నేళ్ళలో ఒక్కరికైనా తోచిందా? తోచలేదు. ముత్సుయే మాత్రం ఆ మాట గంజిలా ఎన్ని వేల సార్లు వార్చుకుందో. గడ్డి పరిచేటప్పుడూ, గడ్డి మీద బుట్టలతో మన్ను మోసి పోసేటప్పుడూ, తడిమంచు పడిన పొద్దున బొంగులు విరక్కుండా ఒక్కొక్కదాన్నీ పట్టి కుదుపుతుంటే మంచంతా మెడలోకి జారేటప్పుడూ, ఎండాకాలం లేత వేళ్ళకు మెట్ల మీదుగా నీళ్ళు మోసేటప్పుడూ అదే. ఇప్పుడు ఆవిడ కంటికి కొమ్ము కనబడక్కర్లేదు. రబ్బరు చెప్పుల కింద మట్టి ఎక్కడ పగిలిందో తెలుస్తుంది, వంగి వేలితో పొర అంచు తడిమితే అది తాబేలో కాదో తెలిసిపోతుంది. ఆ సంగతి ఒకసారి అన్నం వడ్డిస్తూ మొగుడితో అంటే, మరుసటి నెల వెదురు ప్రేమికుల సంఘం వాళ్ళ ముందు ఆయన చెయ్యి గాల్లో తిప్పుతూ, "నేను వేలితో తడిమితే చాలు" అంటున్నాడు. ఈవిడ వెనకనుంచి టీ కప్పులు పట్టుకొస్తూ విన్నది. పైతోపు మొదట్లో చెక్క పలక మీద ఉన్న పేరు కూడా ఆయనదే. ఆయన మెట్లెక్కేది అతిథులు వచ్చినప్పుడే, మోకాళ్ళు నొప్పులట. ఆవిడకూ మోకాళ్ళున్నాయని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. స్నానం తొట్టి ఇంటిల్లిపాదికీ ఒకటే, నీళ్ళూ అవే. వరస ముందు ఆయనది, తర్వాత అత్తగారిది. ఈవిడ దిగేసరికి నీళ్ళు గోరువెచ్చగా, ఇద్దరి అలసటా తేలుతూ ఉంటాయి. అతిథులొస్తే భోజనాల గదిలో అందరికీ కూర్చునే దిండ్లు వేస్తుంది, తనకు వేసుకోదు. వడ్డించేవాళ్ళు గుమ్మం దగ్గర చాప మీద మోకరించాలి. అదేమీ రాసిపెట్టిన చట్టం కాదు. రాసిపెట్టినదైతే కొట్టెయ్యమని అడగొచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర అసలు సంగతి బయటపడింది.

"వచ్చే ఆదివారం అమ్మ ఎనభై ఎనిమిదో ఏటి పండగ చేద్దాం" అన్నాడు తదాహరు, మిసో పులుసు జుర్రుతూ. "సంఘం వాళ్ళు వస్తారు. హతనాకా గారు కూడా వస్తుంది, కమెఓకా నుంచి ఆ అబ్బాయిని తీసుకుని."

"ఏ అబ్బాయి?"

"రెండో కొడుకులే. మన ఇంటి పేరు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. ఇల్లరికం. పిల్ల ఒక్కతే అయింది కదా మనకి, తోపు ఎవరు చూస్తారు?" ఒక్కతే అయింది అన్నప్పుడు ముత్సుయే వైపు చూశాడు, అదీ ఆవిడ పొరపాటే అన్నట్టు. "చిగుసాకి ఫోన్ చెయ్యి. నాన్నమ్మ పండగ, రమ్మను. అంతే చెప్పు."

"అబ్బాయి సంగతి చెప్పొద్దా?"

"చెబితే వస్తుందా అది?" ఇసో ఊరగాయ ముల్లంగి ముక్క పంటి కింద కరకరలాడిస్తూ అంది. "నువ్వు చెబితే వింటుందే. తల్లి అబద్ధమాడుతుందని ఏ కూతురనుకుంటుంది?"

చిగుసా హిరోషిమాలో ట్రామ్ బండి నడుపుతుంది. ముత్సుయే ఒక్కసారే వెళ్ళి చూసింది. డ్రైవరు వెనకాల కమ్మీ పట్టుకుని, టికెట్టు కొన్న ఎవరో ముసలావిడలా నిలబడింది. తెల్ల చేతితొడుగు వేసుకున్న చేతిని కూతురు ప్రతి మలుపు దగ్గరా ముందుకు చాచి, వేలు చూపించి, "దారి బాగుంది!" అని గట్టిగా చెప్పుకునేది. పైకి చెప్పుకోవడం వాళ్ళ ఉద్యోగంలో నియమం. తన కడుపున పుట్టిన పిల్ల నడిరోడ్డు మీద, అంతమంది ముందు, వేలు చూపి అంత గట్టిగా మాట్లాడడం చూసి ముత్సుయేకి కళ్ళనీళ్ళు ఆగలేదు. తానెప్పుడైనా ఏదైనా వేలు పెట్టి చూపించిందా? గుర్తు లేదు.

ఫోన్ చేసింది. చెప్పమన్నట్టే చెప్పింది.

"నాన్నమ్మకి ఎనభై ఎనిమిదా! ఇంకా నన్ను తిట్టే ఓపిక ఉందా?" అని నవ్వింది చిగుసా.

"ఉందిలే, దాచిపెట్టింది నీకోసం."

"వస్తానమ్మా. షిఫ్టు ఎవరితోనైనా మార్చుకుంటా. నువ్వు కొమ్ములన్నం వండుతావుగా? అడుగున మాడింది నాకు. అందరికీ పెట్టేసి నువ్వు తినే ఆ మాడే నాకు కావాలి."

ఫోన్ పెట్టేశాక ముత్సుయే చెయ్యి నడుముకు కట్టుకున్న వంట గుడ్డకు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. తడేమీ లేదు.

సాయంత్రం అత్తగారికి వీపు రుద్దుతోంది. ఇసో ఆ ఇంటి కోడలు కాదు, ఆ ఇంటి కూతురే. పోయిన మామగారే ఇల్లరికం వచ్చినవాడు. చిన్న చెక్కపీట మీద ముడుచుకు కూర్చున్న ఆ ఒళ్ళు ఇప్పుడు గుప్పెడంతైంది, వెన్నుపూసలు కణుపుల్లా చేతికి తగులుతున్నాయి. నీళ్ళ వేడికో, పండగ హుషారుకో, ముసలావిడకు మాటలు ఊరాయి.

"నన్ను కూడా ఇలాగే పిలిపించారే! అప్పుడు కోబెలో ఉన్నా, టోపీలు కుట్టే దుకాణంలో. దొరసానుల టోపీలు, ఈకలు పెట్టినవి. నా చేతి కుట్టంటే యజమాని పడి చచ్చేది. 'మీ నాన్నకి బాగాలేదు, ఆఖరి చూపు' అని కబురొచ్చింది. ఏడుస్తూ వచ్చానే, రైల్లో పొడుగునా ఏడ్చాను. గుమ్మంలోకి వచ్చి చూద్దును కదా, మా నాన్న పంచె ఎగగట్టినట్టు బట్టలు పైకి దోపి కట్టెలు కొడుతున్నాడు! లోపల పెళ్ళికొడుకు టీ తాగుతున్నాడు!"

పకపకా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. ముత్సుయే నవ్వలేదు. ఆవిడ మొదటిసారి ఆ కథ వింటోంది. ఇన్నేళ్ళలో తన తాబేళ్ళ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో, అత్తగారి టోపీల కథ ఒక్కసారైనా ఎవరూ చెప్పలేదు.

"మళ్ళీ కోబె వెళ్ళలేదా అత్తయ్యా?"

"ఎందుకెళ్తాను? కత్తెర అక్కడే ఉండిపోయింది. మంచి కత్తెర." నీళ్ళు పోస్తుంటే కళ్ళు మూసుకుని, "అందరం అలా వచ్చినవాళ్ళమే. పొయ్యి, ఇంకో చెంబు పొయ్యి" అంది.

మర్నాడు పొద్దున్నే ముత్సుయే పార భుజాన వేసుకుని మెట్లెక్కింది. ఆ రోజు అన్నీ మామూలుగానే తవ్వింది. తోపు నడిబొడ్డున, చూడవచ్చేవాళ్ళను తదాహరు నిలబెట్టి ఉపన్యాసమిచ్చే చోట, మట్టి కొంచెం పగిలి ఉంది. వంగి వేలు పెట్టింది. పొర అంచు తిన్నగా ఉంది, గాలపు కర్రలా. బలమైన కొమ్ము. పార ఎత్తింది. దిగవేస్తే ఒక్క దెబ్బ. చిన్నప్పటి నుంచీ నాన్న కన్ను మూసి చూసి, ఇది మంచిదమ్మా అని పక్కన పెట్టినవన్నీ ఇలాంటివే. ఈ ఇంట్లో వీటినే చెడ్డవి అంటారు. తాబేళ్ళంటే ఆవిడకు కోపం లేదు. తన చేతుల మీద పెరిగాయి, వాటి వంకర అందం ఆ ఇంట్లో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అవి పుట్టడమే అలా పుట్టాయి, ఎవరూ వంచలేదు. కానీ ఇది ఇలా పుట్టింది. దీని తప్పేమిటి? ముసలావిడ వీపు గుర్తొచ్చింది. ఎక్కడో ఎవరి బల్ల సొరుగులోనో తుప్పు పట్టి ఉండిపోయిన కత్తెర గుర్తొచ్చింది. పార దించి, కొమ్ము పక్కన మట్టి సర్ది, రాతి మీద కూర్చుని ఫోన్ తీసింది.

"చిగుసా, నువ్వు రావద్దు."

"అదేమిటమ్మా, నిన్ననేగా రమ్మన్నావు?"

"నిన్న సగమే చెప్పాను. అబ్బాయిని పిలిచారు. ఇల్లరికానికి. నిన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి."

అవతల ట్రామ్ గంట మోగింది.

"అమ్మా, మరి నిన్నేమంటారు?"

"నాకేముంది, తారీఖు తప్పు చెప్పానంటాను. నా తెలివితక్కువతనం ఊరంతటికీ తెలిసిందేగా. ఎవరూ అనుమానించరు."

"ఎంత కాలం తెలివితక్కువదానివిగా ఉంటావే అమ్మా?" అంది చిగుసా. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

వెదురు కొమ్ముకు వాన పడితే పట్టపగ్గాలుండవు. ఆ వారంలో రెండు వానలు పడ్డాయి. ఆదివారం నాటికి అది మనిషి తలదాటి లేచింది. కింద పొరలు రాలి, లేత పచ్చ బొంగు మీద తెల్లటి బూడిద తొలిపొద్దు మంచులా మెరుస్తోంది. చుట్టూ కూర్మావతారాల మధ్య గాలపు కర్రొకటి పాతినట్టుంది.

అతిథులు వచ్చారు. సంఘం పెద్దలు, సంబంధం తెచ్చిన హతనాకా గారు, ఆవిడ వెనకాల బిగుసుకున్న కోటులో కమెఓకా అబ్బాయి. తదాహరు చేతులు ఊపుకుంటూ అందరినీ మెట్లెక్కించాడు. ముత్సుయే చల్లటి బార్లీ టీ మోస్తూ వెనక నడిచింది.

"ఇదేమిటండీ?" హతనాకా గారు గొడుగు కొసతో చూపించింది.

సంఘం పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. తదాహరుకి అంతలోనే నవ్వు దొరికింది.

"ఇంకేముంది! తాబేళ్ళను వండిన కోడలు మళ్ళీ పొరపడింది!"

అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. కమెఓకా అబ్బాయి కూడా నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వాడు. ముత్సుయే కప్పులు అందించింది.

కింద భోజనాల గదిలో దిండ్లు వేసి ఉన్నాయి. బంగారు రంగు పండగ కోటు వేసుకుని ఇసో నడుమ కూర్చుంది. అబ్బాయికి ఎదురుగా చిగుసా కోసం ఒక దిండు. కొమ్ములన్నం ఆవిర్లు చిమ్ముతోంది. గుమ్మం దగ్గర మోకరించి ముత్సుయే గిన్నెల్లో పెడుతోంది.

"అమ్మాయి ఏ రైలుకి వస్తోందండీ?" హతనాకా గారు గడియారం చూసుకుంది.

తదాహరు పెళ్ళాం వైపు తిరిగాడు. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు నవ్వడం లేదు. "రావాల్సింది ఈపాటికి. ఏం, నువ్వు తారీఖు గానీ తప్పు చెప్పావా ఏమిటి? చెప్పే ఉంటావు! ఈవిడ సంగతి ఇప్పుడే చూశారుగా, పైన!"

మళ్ళీ నవ్వులు. తాను దాచుకున్న సాకునే ఆయన తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంక చెయ్యాల్సిందల్లా తల వంచి, తెలివితక్కువదాన్నండీ, క్షమించండి, అనడమే. తరవాత మరో ముప్పై ఏళ్ళు నవ్వుకోవడానికి వాళ్ళకు ఇంకో కథ. మెడ అప్పుడే వంగుతోంది. దానికి ఆ దారి తెలుసు, ఎవరూ నడిపించక్కర్లేదు.

"పైన ఏముందిరా?" ఇసో అడిగింది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"నిటారు కొమ్మొకటి వదిలేసిందమ్మా! నడితోపులో!"

"ఎంతెత్తుంది?"

"నా తల మీదికి లేచింది."

"అయితే ముదిరింది. ఇంక వండుకోవడానికి పనికిరాదు" అంది ముసలావిడ. చేతిలో తినే పుల్లలు కింద పెట్టింది. కళ్ళు చికిలించి గుమ్మం వైపు చూసింది. ఆ ఇంట్లో ఏమే తప్ప వేరే పేరు లేనిదాన్ని పేరు పెట్టి పిలిచింది. "ముత్సుయే. పొరపాటేనా?"

వంగుతున్న మెడ సగంలో ఆగిపోయింది. ముత్సుయే తల ఎత్తింది.

"కాదత్తయ్యా. తెలిసే వదిలాను. చిగుసాని కూడా తెలిసే రావద్దన్నాను."

ఎవరూ నవ్వలేదు. ముత్సుయే కుండ వంచి, అడుగున మాడిన అన్నం గరిటెతో గీకి తన గిన్నెలో పెట్టుకుంది. లేచి, గది దాటుకుంటూ వెళ్ళి, ఖాళీగా ఉన్న దిండు మీద కూర్చుంది.